యాభై ఒక్క కిలోల ఆదివారం

మా ఇంట్లో పోపు వేయని వారం వచ్చిందంటే మా వీధిలో కొందరికి పండగ.

తమ్ముడు జాకీ. మలక్‌పేటలో రేసు గుర్రాల మీద స్వారీ చేస్తాడు. ఏ గుర్రం ఎంత బరువు మోస్తూ పరుగెత్తాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. ఆ బరువులో స్వారీ చేసేవాడూ, వాడి కింది జీనూ కలిసే లెక్క. తక్కువ బరువు రాసిన గుర్రం దొరికితే మావాడు ఆ అంకెకు దిగేదాకా అన్నం మానేస్తాడు, ఆఖరున నీళ్లు కూడా మానేస్తాడు. ఆ రోజుల్లో అమ్మ పోపుల డబ్బా ఎత్తి అటక మీద పెట్టేస్తుంది. నూనెలో ఎల్లిపాయ వేగిన వాసన ఇల్లంతా తిరుగుతుంటే ఆకలితో ఉన్న మనిషి ఎక్కడికి పోతాడు? అమ్మా, బాపూ, నేనూ ముగ్గురం ఉడకబెట్టిన కూరగాయలూ పెరుగన్నమూ తింటాం. అది కూడా వాడి కంట పడకుండా, వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుని.

ఈ సంగతి వీధికి ఎలా పొక్కిందో నాకు తెలియదు. పొక్కింది. పక్కింటాయన కోస్తా వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి గుండ్లపోచంపల్లిలో మా పక్కనే ఇల్లు కట్టుకున్నాడు. చాలా మంచివాడు. అదే నా బాధ, చెడ్డవాడైతే ఒక మాట అనేసి ఊరుకునేదాన్ని. శుక్రవారం పొద్దున బ్రష్షు నోట్లో పెట్టుకుని ప్రహరీగోడ దగ్గర నిలబడి గాలి పీల్చి చూస్తాడు.

"ఏమ్మా, పోపు వాసన రాలేదేంటి? ఈ వారం మీ తమ్ముడిది తేలిక బరువా?"

"అమ్మకు ఒంట్లో బాగాలేదు సార్" అనేదాన్ని మొదట్లో.

"అయ్యో, పిన్నిగారికి ఏమైందమ్మా?" అని పళ్లు పట్టుకుని వచ్చేవాడు. పళ్లూ ఇచ్చేవాడు, నా మొహం చూసి సంగతీ పట్టేసేవాడు. పోపు లేకపోతే తేలిక బరువు, తేలిక బరువైతే గెలుపు. అంతే ఆయన లెక్క. ఆయన నుంచి వీధి చివరి ఇస్త్రీ బండి దాకా అందరూ అదే లెక్క మీద పందెం కాసేవారు. మావాడి కడుపు మాడడం వాళ్లకు శకునం. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ లెక్క పూర్తిగా తప్పు కూడా కాదు. బాగా పరుగెత్తే గుర్రానికి ఎక్కువ బరువు వేస్తారు, వెనకబడ్డదానికి తక్కువ వేస్తారు, అన్నీ ఒక్కచోటికి రావాలని. వెనకబడ్డ గుర్రం ఒంట్లోకి సత్తువ వచ్చి, ఆ సంగతి బరువులు వేసే పైవాళ్లకు ఇంకా తెలియక, బరువు మాత్రం పాతదే ఉందనుకోండి. ఆ ఒక్కసారి అది గెలుస్తుంది. అలాంటి గుర్రాన్ని కనిపెట్టడమే రేసులు తెలిసినవాళ్లు చేసే పని. ఇంగ్లీషు పేపర్లలో పెద్దమనుషులు కాలమ్ నిండా రాసేది కూడా ఇదే. అందరూ గుర్రం పేరు దగ్గర వేలు పెట్టి చదువుతారు. అమ్మా నేనూ మాత్రం ఆ పేరు పక్కన ఉన్న బరువు దగ్గరికే పోతాం. యాభై నాలుగు ఉంటే ఆ వారం మా ఇంట్లో మాటలు వినిపిస్తాయి. యాభై రెండు కిందికి పోతే వినిపించవు.

నేను మేడ్చల్‌లో రక్తపరీక్షల సెంటర్లో టెక్నీషియన్ని. పోయిన చలికాలం తమ్ముడు స్నానాల గదిలో పడిపోయాడు. తలుపు తోసి బయటికి లాక్కొచ్చాం. రక్తం నేనే తీశాను, మిషనులో నేనే పెట్టాను, దాని ముందు నిలబడి కిడ్నీల అంకె వచ్చేదాకా చూసిందీ నేనే. రోజూ ఎంతోమంది అంకెలు చూస్తాను. ఆ రోజు మాత్రం మిషను తప్పేమోనని అదే రక్తం రెండోసారి పెట్టాను. మా సెంటర్లో కూర్చునే డాక్టరు వాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఒంట్లో నీళ్లు ఇలా ఎండగడుతూ పోతే కిడ్నీలు పోతాయి. అవి ఒకసారి పోతే మళ్లీ రావు" అని చెప్పాడు. వాడు బుద్ధిగా తల ఊపాడు. ఆ వచ్చే వారమే యాభై ఒకటిన్నర మీద స్వారీ చేశాడు.

"మానేయరా" అన్నాను, డాక్టరు చెప్పిన రోజు ఇంటికి వస్తూ.

"మానేస్తే ఏం జేయాలె అక్కా?"

"ఏదో ఒకటి. ఈ గోదాముల్లో లేవా పనులు?"

"నేను దిగితే గుర్రం ఆగదు. నా తావుల ఇంకొగడు ఎక్కుతడు. నాకు ఇదొక్కటే వస్తది."

ఆ మాట అబద్ధం కాదు. బాపు అలియాబాద్ దాటాక ఉన్న ఒక గుర్రాల ఫారంలో జీవితమంతా గుర్రాలను తోమి మేపే సైసుగా చేశాడు. తమ్ముడు నడక నేర్చింది గుర్రాల కాళ్ల మధ్యనే. పొట్టిగా, ఎముకల గూడులా ఉండేవాడు. బడిలో ఆ ఒంటిని చూసి ఏడిపించేవాళ్లు. ఫారంకు వచ్చిన పెద్దమనిషి అదే ఒంటిని చూసి, "వీడు జాకీ అయితడు" అన్నాడు. ఆ మాట చెప్పిన రోజు బాపు మొహం నాకు ఇంకా గుర్తుంది. ఎవరికైనా కొడుకు ఒళ్లు పెరగాలని ఉంటుంది, మా బాపుకు పెరగకూడదని ఉండేది. పెరిగింది. ఇరవై దాటాక భుజాలు వచ్చాయి, తొడలు వచ్చాయి. మామూలుగా తిని తిరిగితే యాభై అయిదు, యాభై ఆరు కిలోలు ఉంటాడు. ఆ వయసు మగపిల్లాడికి అది కూడా తక్కువే.

ఈ వానాకాలం ఒక గురువారం ఆ వారం బరువులు వచ్చాయి. ఆదివారం అయిదో రేసు, తొమ్మిదో నంబరు గుర్రం, యాభై ఒక్క కిలోలు. జీను పోగా వాడు యాభైకి లోపే ఉండాలి. అమ్మ స్టూలు వేసుకుని పోపుల డబ్బా ఎత్తి పైన పెట్టింది.

సాయంత్రం బియ్యం దుకాణంలో కాంటా ఎక్కాడు. మా ఇంట్లో ఉన్న చిన్న మిషను మీద వాడికి నమ్మకం లేదు. బస్తాలు తూచే కాంటా అబద్ధమాడదంటాడు. యాభై అయిదు చూపించింది. దుకాణమాయన నా వైపు చూశాడు, నేను బియ్యం వైపు చూశాను.

శుక్రవారమంతా ప్లాస్టిక్ జాకెట్ తొడుక్కుని, దాని మీద స్వెట్టరు వేసుకుని, హైవే పక్క సర్వీసు రోడ్డు మీద గోదాముల వెంబడి పరుగెత్తాడు. వాన పడుతూనే ఉంది. బయట వాన, లోపల చెమట, జాకెట్ విప్పితే మోచేతుల నుంచి నీళ్లు కారాయి. శనివారానికి పరుగెత్తే ఓపిక పోయింది. అప్పుడిక కారు పద్ధతి. మాకు కారు లేదు, పక్కింటాయనకు ఉంది. అడగకముందే తాళం తెచ్చి ఇచ్చాడు. కారు స్టార్ట్ చేసి, అద్దాలన్నీ ఎత్తి, హీటరు పూర్తిగా తిప్పి, ఆ ప్లాస్టిక్ బట్టల్లోనే తమ్ముడు వెనక సీట్లో కూర్చున్నాడు. ఆయన తన వరండాలో కుర్చీ వేసుకుని రేసు పుస్తకం తిరగేస్తున్నాడు.

నేను గొడుగు పట్టుకుని కారు దగ్గర నిలబడ్డాను. అద్దానికి లోపలి వైపంతా ఆవిరి పట్టేసింది. వాడు చేత్తో తుడిచాడు. మొహం ఎర్రగా ఉంది, పెదవులు తెల్లగా ఉన్నాయి. అద్దం కొంచెం దించాడు.

"చాలు, దిగు" అన్నాను.

"ఇంకొంచెం సేపు అక్కా."

"కళ్లు తిరుగుతున్నాయా?"

"తిరుగుతలేవు. ఏమన్న ముచ్చట జెప్పు. తిండి ముచ్చట గాకుండ."

నాకు ఒక్క ముచ్చట తట్టలేదు. సెంటర్లో జరిగిందేదో చెప్పబోయాను, అందులో టీ వచ్చింది. మా చిన్నమ్మ కూతురి సంబంధం గురించి మొదలుపెట్టాను, అక్కడ భోజనాలు వచ్చాయి. మనుషుల బతుకులో తినని, తాగని ముచ్చట ఒక్కటి కూడా లేదా అని ఏడుపొచ్చింది. వాడు నా అవస్థ చూసి నవ్వాడు. నవ్వితే పెదవి చిట్లింది.

"అద్దం ఎత్తేయమనమ్మా, వేడంతా బయటికి పోతోంది" అన్నాడు పక్కింటాయన వరండాలోంచి, మా మంచికే.

వాడు అద్దం ఎత్తేశాడు. ఆ తలుపు లాగి వాడిని బయటికి ఈడ్చెయ్యాలనిపించింది. ఈడ్చి ఏం చేయాలి? ఎండిపోవడానికి వాడికి ఇంకో చోటు దొరుకుతుంది. లోపలికి వచ్చి, బాపు మంచం ముందు నిలబడి, "నువ్వు ఒక్కమాట చెప్తే దిగుతాడు, నీ మాటే వింటాడు" అన్నాను. బాపు ఎప్పుడో గుర్రం తన్నిన తన మోకాలు రాసుకున్నాడు. "నేను జెప్తే దిగుతడు. దిగి నన్ను జూసుకుంట నా లెక్కనే ఇంట్ల కూసుంటడు. గది నేను జూడలేను బిడ్డా" అన్నాడు. నాకు వచ్చిన కోపానికి తలుపు గట్టిగా వేశాను. అది వానకు ఉబ్బి ఉంది, సరిగ్గా పడలేదు కూడా.

ఆదివారం తెల్లవారాక మచ్చ బొల్లారం నుంచి తోటి జాకీ బైకు మీద వచ్చి తీసుకుపోయాడు. బైకు ఎక్కేటప్పుడు తమ్ముడు అతని భుజం పట్టుకుని ఆగి ఆగి ఎక్కాడు. పరుగెత్తే గుర్రం మీద నిలబడి వెళ్లాల్సిన మనిషి. అమ్మ గేటు దగ్గరే నిలబడిపోయింది. ఏమైనా తిన్నావా అని అడిగే అలవాటు నాలుక మీదికి వచ్చి ఆగిపోయినట్టుంది, నోరు తెరిచి మూసింది.

రేసులున్న ప్రతి ఆదివారం పొద్దున బాపు గెలుపు గుర్రాలను ఎంచుతాడు. మోకాలి మీద గుర్రం తన్ని పని మానేసిన తరువాత ఆయనకు మిగిలిన పని అదే. రూపాయి పందెం కాయడు. "పైసలు పెడితే కండ్లు మూసుకపోతయి" అంటాడు. పుస్తకంలో అచ్చు చాలా సన్నం, ఆయనకు ఆనదు. చదవడం నా పని, బడికి పోయే రోజుల నుంచీ అంతే. నంబరు, బరువు, ఏ గేటు నుంచి బయల్దేరుతుంది, ఇంతకుముందు ఎన్నోది వచ్చింది, ఇవి నేను చదువుతుంటే ఆయన కళ్లు మూసుకుని వింటాడు. మధ్యలో, "రాత్రి వాన పడ్డదా పట్నంల?" అని అడుగుతాడు.

"పడింది."

"మొదటిదాంట్ల నాలుగో నంబరు. దూరం తక్కువ, గేటు లోపటికున్నది, మొదలే ముంగటికొస్తది. రెండోది ఇడిసిపెట్టు, అన్నీ కొత్త పిల్లలు, ఒక్కటి గూడ ఇంతవరకు ఉరకలే. వాటి సంగతి వాటికే ఎర్క లేదు. సరే, ఒకటి రాసుకో, ఒకటో నంబరు. మూడోదాంట్ల ఏడు. గది వానల నిలవడ్తది, నేల తడిస్తే మిగిలినయి కాళ్లు పీకలేవు. నాలుగోది…" అని ఆగి, మళ్లీ చదివించుకుని, "రెండు గానీ ఆరు గానీ. రెండే రాయి" అన్నాడు.

అయిదో రేసు ఇంకా మెల్లగా చదివాను. బాపు కళ్లు తెరవలేదు. అమ్మ వంటింట్లోంచి వచ్చి గడప మీద కూర్చుంది. ఎన్నడూ రాదు. బాపు గుర్రాల మాటలంటే ఆమెకు చిరాకు.

"తొమ్మిదో నంబరు" అన్నాడు బాపు.

"కొడుకని చెప్తున్నవా?" అంది అమ్మ.

"కొడుకు దిక్కు జూసి ఎంచుతనా నేను? పోయిన రెండుసార్లు ఆఖరికి ఉరికొచ్చింది, అప్పటికే దూరం అయిపోయింది. ఇప్పుడు దూరం పెరిగింది, బరువు తగ్గింది. యాభై ఒకటి మీద దాన్ని పట్టుడు కష్టం. గెలుస్తది."

"గెలిస్తే ఏమయితది?"

"ఏమయితది, బరువు పెంచుతరు. మల్లసారి యాభై అయిదు, యాభై ఆరు పడ్తది దాని మీద."

అమ్మ ఆ మాట పట్టుకుంది. మొహం ఒక్కసారిగా తేటపడింది. ఇన్నేళ్లు రేసుల ఇంట్లో ఉండి కూడా ఆమెకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. గెలిస్తే ఇంకా తగ్గమంటారనుకునేది పాపం.

"యాభై ఆరంటే వాడు తినచ్చు గదా?"

బాపు కళ్లు తెరిచి, నా చేతిలోని పుస్తకం తీసుకుని, చదవలేని ఆ అచ్చును చూస్తూ, "ఊఁ" అన్నాడు.

"అయితే గెలవాలె" అంది అమ్మ.

మధ్యాహ్నం ఫోను గోడకు ఆనించి ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. ఫోనులో బొమ్మ ఆగి ఆగి వస్తుంది. పక్కింటి టీవీలో మాకంటే ముందే వచ్చేస్తుంది. మొదటి రేసులో బాపు చెప్పిన నాలుగో నంబరు గెలిచింది, మేం చూసేలోపు గోడ అవతల చప్పట్లు వినిపించాయి. రెండోది పోయింది. మూడోది వచ్చింది. నాలుగోదాంట్లో రెండు కాక ఆరు వచ్చింది. "నేను జెప్పిన గదా ఆరని" అని బాపు నా మీదే నెట్టాడు. నేను పుస్తకంలో అయిదో రేసు పేజీ తీశాను.

అయిదో రేసుకు గుర్రాలు గేట్లలోకి పోతుండగా ఫోను ఆగిపోయింది. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. అమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది, గట్టిగా పట్టుకుంటే కదులుతుందన్నట్టు. బొమ్మ మళ్లీ వచ్చి, గుర్రాలు కదిలి సగం దూరం వచ్చేసరికి గోడ అవతల నుంచి పక్కింటాయన గొంతు వినబడింది.

"బాబాయ్ గారూ, మనదే! కొట్టేశాడు!"

మా ఫోనులో తమ్ముడు ఇంకా గుంపు మధ్యలోనే ఉన్నాడు. గెలిచాడని తెలిశాక చూసిన రేసు అది. అయినా అమ్మ నమ్మలేదు, "ఉరుకు, ఉరుకు" అంటూనే ఉంది. మలుపు తిరిగాక బయటి వైపు నుంచి తొమ్మిదో నంబరు కదిలింది. వాడు దాని మెడ మీదికి వంగి ఉన్నాడు. ఒకదాన్ని దాటాడు, ఇంకోదాన్ని దాటాడు, గీత దగ్గర ముందున్నాడు. అమ్మ ఫోను ఒళ్లో పెట్టుకుని కొంగుతో మొహం కప్పుకుంది. బాపు గోడ వైపు తిరిగాడు. ఆ తరువాతిది నేనొక్కదాన్నే చూశాను. రేసు అయ్యాక జాకీ దిగి, జీను విప్పి పట్టుకుని, మళ్లీ కాంటా ఎక్కి బరువు చూపించాలి. వాడు దిగాడు. కాళ్లు నేలకు తగలగానే మోకాళ్లు మడత పడ్డాయి. గుర్రం మెడ పట్టుకుని నిలబడ్డాడు. ఎవరో వచ్చి భుజం కింద చెయ్యి వేశారు. తెర మీద వేరే బొమ్మ వచ్చేసింది.

సాయంత్రం ఇంటికి వచ్చాడు. నీళ్లలో ఉప్పూ చక్కెరా కలిపి చెంచాతో పట్టాను. ఒక్కసారి తాగితే కక్కేస్తాడని నాకు తెలుసు. మూత్రం ఏ రంగులో వస్తోందని అడిగాను. చెప్పలేదు. సోమవారం పొద్దున వాడు మంచం మీద ఉండగానే రక్తం తీసుకుని డ్యూటీకి పోయాను. నరం దొరకడానికి చాలాసేపు పట్టింది. మధ్యాహ్నానికి మిషను అంకె చూపించింది. చలికాలం వచ్చినదానికంటే ఎక్కువ ఉంది. డాక్టరు చూసి, "నేను చెప్పేది చెప్పేశాను కదమ్మా, ఇక నీళ్లు మాననివ్వొద్దు" అని మాత్రం అన్నాడు.

ఆటోలో వస్తూ అంతా అమ్మ లెక్కే వేసుకున్నాను. పరవాలేదు, బరువు పెరుగుతుంది. యాభై ఆరు అంటే వాడు నీళ్లు మానక్కర్లేదు. రెండు నెలలు సరిగ్గా తిని తాగితే ఆ అంకె ఆగుతుంది, కొంచెం దిగినా దిగవచ్చు. చదువుకున్నదాన్ని, రోజూ ఇదే పని చేసేదాన్ని, ఒక గుర్రం మీద వేసే బరువు మీద నమ్మకం పెట్టుకుని ఇంటికి వచ్చాను.

గేటు దగ్గరికే పోపు వాసన వచ్చింది. ఎల్లిపాయ, ఎండుమిర్చి, కరివేపాకు. వెనకాలే మాంసం కూర వాసన. పక్కింటాయన ఆ రోజు సెలవు పెట్టినట్టున్నాడు, గోడ మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు.

"ఏమ్మా, పోపు ఘుమఘుమలాడుతోంది. ఈ వారం మీవాడిది బరువెక్కువన్నమాట. అయితే నేను కాయను" అని నవ్వాడు.

"కాయకండి సార్" అని నేనూ నవ్వాను. చాలా రోజుల తరువాత ఆయన మీద కోపం రాకపోవడం అదే మొదటిసారి.

తమ్ముడు అప్పుడే తలంటుకుని పళ్లెం ముందు కూర్చున్నాడు. అమ్మ అన్నం పెట్టి, కూర వేసి, ఎదురుగా కూర్చుంది. తను తినదట, వాడు తింటుంటే చూస్తుందట. వాడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకున్నాడు. రెండో ముద్ద తిన్నాడు. మూడోది కలుపుతుండగా ఫోను మోగింది. ట్రైనరు. చెయ్యి ఎంగిలి కదా, స్పీకరు పెట్టాడు.

"మస్తు జేసినవ్ నిన్న" అన్నాడు ట్రైనరు. "అది ఇగ యాభై ఆరుకు పోతది."

అమ్మ మా అందరి వైపు చూసి తల ఊపింది, చూశారా అన్నట్టు.

"దాని మీదికి పెద్ద జాకీ వస్తుండు, ఓనరు మాట్లాడిండు. నీకు ఇంకోటి పెట్టిన, వచ్చే ఆదివారమే. యాభై మీద ఉన్నది. నువ్వు తప్ప దిగెటోడు లేడు. అయితదా?"

"అయితది సార్" అన్నాడు తమ్ముడు.

ఫోను ఆగిపోయింది. అమ్మ ఇంకా నవ్వు మొహంతోనే ఉంది. ఆమె యాభై ఆరు దగ్గరే ఆగిపోయింది. "తిను కొడకా, సల్లగైతది" అంది.

"అమ్మా, యాభై ఆరు గుర్రానికి. నాకు గాదు."

"అదేంది? నువ్వే గదా దాని మీద ఉరికింది."

"బరువు తక్కువుంటెనే నన్ను పిలుస్తరు. పెద్దోళ్లు యాభై ఒకటికి దిగలేరు. బరువు పెరిగినంక నేనెందుకు వాళ్లకు?" కోపం లేకుండా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "వచ్చే వారం యాభై."

అమ్మ బాపు వైపు తిరిగింది. బాపు మంచం మీద కూర్చుని కాళ్లకేసి చూసుకుంటున్నాడు.

"నీకు ముందుగాలనే ఎర్కనా?"

"ఎర్కనే."

"మరెందుకు జెప్పలే?"

"నువ్వు నవ్వినవ్" అన్నాడు బాపు. "ఎన్నొద్దులకో నవ్వినవ్. జెప్పబుద్ధి గాలే."

తమ్ముడు కలిపిన ముద్ద పళ్లెంలోనే వదిలి లేవబోయాడు. అమ్మ వాడి మణికట్టు పట్టుకుంది. ఆ ముద్దనే చేతిలోకి తీసుకుని, కూరలో అద్ది, ఒక మెత్తటి ముక్క పెట్టి, నోటి దగ్గరికి ఎత్తింది.

"వద్దమ్మా."

"గీ ఒక్కటే. నా కోసం."

వాడు నోరు తెరిచాడు. అమ్మ పెట్టింది. వాడు చాలాసేపు నమిలాడు, ఆమెను చూస్తూ నమిలాడు. తరువాత తల ఊపి, లేచి, చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు.

రక్తం సంగతి చెప్పాలని నేను వెనకాలే పోయాను. వాడు నల్లా ముందు వంగి, నోట్లోదంతా ఊసేశాడు. అది కొట్టుకుపోయేదాకా నీళ్లు వదిలాడు. దోసిట్లో నీళ్లు తీసుకుని పుక్కిలించాడు, ఆ నీళ్లు కూడా మింగలేదు. తలెత్తి నన్ను చూశాడు. నేను రక్తం సంగతి చెప్పకుండానే దారి ఇచ్చాను. నన్ను దాటి వీధిలోకి పోయాడు.

లోపల అమ్మ అలాగే కూర్చుని ఉంది, ఎంగిలి చెయ్యి గాలిలోనే ఉంది.

"మింగిండా?" అని అడిగింది.

"మింగిండమ్మా" అన్నాను.